ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి... మరి దంతాలు లేకపోతే?

ఈ గొడవంతా మొన్న శుక్రవారం భోజనాల దగ్గర మొదలైంది. మా టీంలో ఒకతను తన ఫోన్‌కి వచ్చిన ఫార్వర్డు ఒకటి గట్టిగా చదివి వినిపించాడు. దాని సారాంశం ఏంటంటే, ఆఫ్రికాలో ఏనుగులు తెలివి మీరిపోయాయట. దంతాల కోసం మనిషి చంపుతున్నాడని గ్రహించి, దంతాలు లేకుండా పుట్టడం నేర్చుకున్నాయట! కింద నాలుగు దణ్ణాల బొమ్మలు, "ప్రకృతి ముందు మనిషి ఎంత" అని ఒక ముక్తాయింపు.

అందరూ "వావ్" అన్నారు. నేను మాత్రం నోరు మూసుకోలేకపోయాను. "నేర్చుకోవడం ఏంట్రా, అలా ఎలా నేర్చుకుంటాయి?" అన్నాను. "నీకు ప్రతీదీ కోడ్ రివ్యూనే" అన్నాడు వాడు. నిజమే, ఆ జబ్బు నాకుంది. కానీ ఈ విషయంలో నా కోపానికి వేరే కారణం ఉంది. ఆ ఫార్వర్డులో ఉన్న విషయం సగం నిజం. దంతాలు లేని ఏనుగులు పెరిగిన మాట వాస్తవం. అయితే ఆ సగం నిజం వెనక ఒక యుద్ధం ఉంది, లక్షల మంది చావు ఉంది, కొన్ని వందల ఏళ్ళ వ్యాపారం ఉంది, ఆ వ్యాపారంలో మన వాటా కూడా ఉంది. వాటన్నిటినీ చెరిపేసి, చివర్లో నాలుగు దణ్ణాలు పెట్టేస్తే ఎలా?

అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగే, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు దంతాల సంగతి

ఏనుగు దంతం అంటే కొమ్ము కాదు, పన్ను. పైదవడలో ముందుపళ్ళ పక్కన ఉండే పళ్ళే అలా బయటికి పెరుగుతాయి, బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. మన ఆసియా ఏనుగుల్లో దంతాలు మగవాటికే బయటికి కనిపిస్తాయి. ఆడవాటికి ఉంటే చిన్న ముక్కలు ఉంటాయి, లేకపోతే లేదు. మగవాటిలో కూడా దంతాలు లేనివి ఉంటాయి, వాటిని మఖ్నాలంటారు. ఆఫ్రికా ఏనుగుల్లో అలా కాదు, ఆడా మగా రెండిటికీ దంతాలుండటమే మామూలు. అవి లేని ఆడ ఏనుగు అక్కడ అరుదు. కథ అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

దంతం ఏనుగుకి అలంకారం కాదు, పనిముట్టు. ఎండిపోయిన ఏటి ఇసకలో గుంట తవ్వి నీళ్ళు తీస్తుంది. చెట్టు బెరడు ఒలుచుకు తింటుంది. అడ్డమొచ్చిన కొమ్మల్ని నెడుతుంది, దూడ మీదకొచ్చిన జంతువుని పొడుస్తుంది. మనిషికి చేతిలో గునపం, కత్తి రెండూ ఉన్నట్టు. ఏనుగు తవ్విన గుంటలో నీళ్ళు తర్వాత చిన్న జంతువులు తాగుతాయి. అది పడేసిన చెట్ల వల్ల గడ్డి పెరిగే జాగా దొరుకుతుంది. అంటే దంతం పోతే నష్టం ఒక్క ఏనుగుదే కాదు.

గొరొంగోసా

ఈ కథ జరిగింది మొజాంబిక్ దేశం మధ్యలో, గొరొంగోసా అనే చోట. ఆఫ్రికాని ఉత్తరం నుంచి దక్షిణానికి చీల్చుకుంటూ వచ్చే మహా పగులు లోయకి ఇది దక్షిణపు కొస. పక్కనే 1863 మీటర్ల ఎత్తున గొరొంగోసా కొండ. కొండ మీద కురిసిన వాన కిందికి దిగి ఉరేమా అనే సరస్సు చుట్టూ మైదానంలో పరుచుకుంటుంది. వానాకాలంలో సముద్రంలా, ఎండాకాలంలో పచ్చిక బీడులా ఉంటుంది. గడ్డి తినే జంతువులకి అంతకంటే ఏం కావాలి?

1920లో పోర్చుగీసు వలస పాలనలో అది వేటగాళ్ళ కోసం కేటాయించిన అడవి. 1960లో జాతీయ పార్కు అయింది. చిటెంగో అనే క్యాంపులో రెస్టారెంటు, ఈతకొలను అన్నీ ఉండేవి. యూరప్ నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి సినిమాలు తీసుకుని వెళ్ళేవారు (ఈ సినిమాల సంగతి మర్చిపోకండి, తర్వాత పనికొస్తాయి). ఆ అడవిలో తరతరాలుగా బతికిన జనానికి మాత్రం పార్కు అంటే "ఇక్కడ వేటాడకూడదు, ఇక్కడ ఉండకూడదు" అని చెప్పే ఇంకో దొర. ఈ విషయం కూడా కథలో భాగమే.

1970ల మొదట్లో విమానం మీద తిరిగి లెక్కపెడితే అక్కడ రెండున్నర వేలకి పైగా ఏనుగులున్నాయి. అడవి దున్నలు, నీటి ఏనుగులు, జీబ్రాలు వేలల్లో. సింహాలు వందల్లో.

మన వాటా

యుద్ధంలోకి వెళ్ళేముందు ఒక పక్కదారి. ఇది చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

మొజాంబిక్‌ని పోర్చుగీసువాళ్ళు 1752 దాకా ఎక్కణ్ణుంచి పాలించారో తెలుసా? గోవా నుంచి! 17వ శతాబ్దం చివర్లో డయ్యూ నుంచి గుజరాతీ వర్తకులు మొజాంబిక్ తీరానికి పద్ధతిగా వ్యాపారం మొదలుపెట్టారు. గుజరాత్‌లో నేసిన నూలు బట్టలు ఓడల్లో అటు వెళ్ళేవి. తిరిగి వచ్చే ఓడల్లో ఏనుగు దంతాలు. లోపలి అడవుల్లో వేటగాడికి దంతానికి బదులు అందేది మన బట్టే.

ఆ దంతాలతో ఏం చేసేవారు? ముఖ్యంగా గాజులు. పడమటి భారతంలో పెళ్ళికూతురికి దంతపు గాజులు తప్పనిసరి. భర్త పోతే పగలగొట్టేవారు, ఆవిడే ముందు పోతే ఆవిడతోపాటే కాల్చేసేవారు. అంటే ఒక తరం గాజులు ఇంకో తరానికి రావు. ప్రతి పెళ్ళికీ కొత్త దంతం కావాలి. ఇలాంటి డిమాండుకి అంతెక్కడ? మన దగ్గర ఏనుగులు లేకనా అంటే ఉన్నాయి. కానీ మన ఏనుగుల్లో దంతాలు మగవాటికే, పైగా సైన్యానికి, గుడికి, దుంగలు మొయ్యడానికి బతికున్న ఏనుగు కావాలి. ఆఫ్రికా దంతం పెద్దది, గాజుకి సరిపోయేంత లావు, కోస్తే పగలదు. 19వ శతాబ్దానికి జాంజిబార్ నుంచి వచ్చే దంతానికి బొంబాయి పెద్ద అంగడి అయింది. అక్కణ్ణుంచి కొంత లండన్ దాకా పోయేది.

తెలుగువాళ్ళం మనకేం సంబంధం అంటారా? 18, 19 శతాబ్దాల్లో విశాఖపట్నం పేరు విదేశాల్లో తెలిసింది ఓడరేవు వల్లా కాదు, ఉక్కు వల్లా కాదు. దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద సన్నటి గీతలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపిన పెట్టెల వల్ల. కుంపిణీ దొరలు ఎగబడి కొనేవారు. ఇప్పటికీ లండన్ మ్యూజియంలలో అవి ఉన్నాయి.

మా అమ్మమ్మ దగ్గర ఒక కుంకుమ భరిణె ఉంది, దంతంది. వాళ్ళ అత్తగారు విశాఖలో కొన్నదట. ఎక్కడి ఏనుగుదో దాని మీద రాసి ఉండదు కదా. చిన్నప్పుడు నేను దాన్ని బొంగరంలా తిప్పితే వీపు మీద ఒక్కటి పడేది. "ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అన్నారు, దీని విలువ నీకేటి తెలుస్తాది" అనేది. ఆ సామెత అప్పట్నుంచీ నా బుర్రలో ఉండిపోయింది. మన దేశంలో ఇక్కడి ఏనుగు దంతం వ్యాపారం 1986లో, ఆఫ్రికా దంతం వ్యాపారం 1991లో చట్టం సవరించి ఆపేశారు. ప్రపంచవ్యాప్తంగా ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం మీద నిషేధానికి 1989లో చాలా దేశాలు ఒప్పుకున్నాయి. గొరొంగోసాకి మాత్రం అది చాలా ఆలస్యం.

యుద్ధం

1975లో మొజాంబిక్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 1977లో అంతర్యుద్ధం మొదలైంది. ఒక పక్క ప్రభుత్వంలో ఉన్న ఫ్రెలిమో, ఇంకో పక్క రెనామో. రెనామోకి మొదట్లో రొడీషియా, తర్వాత దక్షిణాఫ్రికా అండ. దేశం మధ్యలో, కొండ, అడవి, నీళ్ళు అన్నీ ఉన్న చోటు కాబట్టి గొరొంగోసా దగ్గరే రెనామో స్థావరం పెట్టింది. 1981 డిసెంబరులో చిటెంగో క్యాంపు మీద దాడి చేసి సిబ్బందిని ఎత్తుకెళ్ళారు. 1983లో పార్కు మూసేశారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అది పార్కు కాదు, యుద్ధభూమి.

1992 అక్టోబరులో రోంలో శాంతి ఒప్పందం అయింది. అంటే నేను పుట్టడానికి కొన్నేళ్ళ ముందు. అప్పటికి దేశంలో దాదాపు పది లక్షల మంది పోయారు, యుద్ధంలో కొందరు, యుద్ధం తెచ్చిన కరువులో కొందరు.

అంతమంది మనుషులు పోయినచోట ఏనుగుల గురించి మాట్లాడటం తప్పేమో అని నాకు కూడా అనిపించింది. కానీ రెండూ ఒకే కథ. సైన్యానికి తిండి కావాలి, కాబట్టి దున్నల్నీ జీబ్రాల్నీ కాల్చారు. తుపాకులు కావాలి, కాబట్టి ఏనుగుల్ని చంపి దంతాలు అమ్మారు. ఇది ఒక పక్షం చేసిన పని కాదు, రెండు వైపులా చేశారు. యుద్ధం ఆగాక, ఇంకా పాలన కుదురుకోకముందు, మాంసం వ్యాపారానికి వేటగాళ్ళు మిగిలినవాటి మీద పడ్డారు. ఏనుగుల్లో పదింట తొమ్మిది పోయాయి. వేలల్లో ఉన్న అడవి దున్నలు పదుల్లోకి వచ్చేశాయి.

సామెత ఇక్కడే తప్పింది. బతికున్న ఏనుగు వెయ్యి కాదు, సున్నా. చచ్చినది మాత్రం వెయ్యి, అదీ దానికి దంతాలుంటేనే. దంతాల్లేని ఏనుగు మీద తూటా ఖర్చు పెట్టడం దండగ.

లెక్క

యుద్ధం తర్వాత అక్కడికి వెళ్ళినవాళ్ళకి ఒక వింత కనిపించింది. ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. కెన్యాలో దశాబ్దాలపాటు ఏనుగుల్ని చదివిన జాయిస్ పూల్ లాంటివాళ్ళు దీన్ని జాగ్రత్తగా నమోదు చేశారు. అయితే "ఎక్కువయ్యాయి" అనాలంటే ముందు ఎన్ని ఉండేవో తెలియాలి కదా? మన భాషలో చెప్పాలంటే, బేస్‌లైన్ లేకుండా బగ్ రిపోర్టు రాయకూడదు.

ఇందాక సినిమాల సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. యుద్ధానికి ముందు ఎవరెవరో తీసిన పాత ఫిల్ములు, ఫొటోలు వెతికి, అందులో కనిపించిన ఏనుగుల్ని ఒక్కొక్కటిగా చూసి లెక్కపెట్టారు. సరదాకి తీసిన సినిమా యాభై ఏళ్ళ తర్వాత లాగ్ ఫైల్ అయి కూర్చుంది! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో షేన్ క్యాంప్‌బెల్-స్టేటన్, రాబర్ట్ ప్రింగిల్, వాళ్ళ సహచరులు (జాయిస్ పూల్ కూడా అందులో ఉన్నారు) 2021 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన లెక్క ఇది. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి 18.5 శాతం. యుద్ధం దాటి బతికినవాటిలో దాదాపు 51 శాతం. యుద్ధం తర్వాత పుట్టిన ఆడవాటిలో 33 శాతం. ఇది కాకతాళీయమేమో అని సిమ్యులేషన్ నడిపి చూశారు, కాదని తేలింది. ఆ ఏళ్ళలో దంతాలు లేని ఆడ ఏనుగు బతికి బట్టకట్టే అవకాశం దంతాలున్నదానికంటే అయిదు రెట్లు ఎక్కువ.

మా టీం కుర్రాడికి నేను ఇలా చెప్పాను. "మన ఫ్లోర్‌లో జావా వాళ్ళు ఎనభైమంది, పైథాన్ వాళ్ళు ఇరవైమంది ఉన్నారనుకో. ఒక శుక్రవారం సాయంత్రం జావా వాళ్ళలో అరవైమందికి ఉద్వాసన చెప్పారు. సోమవారం వచ్చి చూస్తే ఫ్లోర్‌లో సగం పైథాన్ వాళ్ళే. శనాదివారాల్లో ఎవరైనా పైథాన్ నేర్చుకున్నారా?" లేఆఫుల మాట వచ్చేసరికి టేబులు దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పోలిక అందరికీ అర్థమైంది మరి.

ఏనుగులు ఏమీ నేర్చుకోలేదు. దంతాలున్నవి చచ్చిపోయాయి, అంతే. మిగిలినవి పిల్లల్ని కన్నాయి. యుద్ధం ఆగాక కూడా ఆ పిల్లల్లో మూడోవంతు ఆడవాటికి దంతాలు రాలేదంటే, ఆ లక్షణం తల్లి నుంచి బిడ్డకి వెళ్తోందన్నమాట. పరిణామం అంటే లక్షల ఏళ్ళ వ్యవహారం అని బళ్ళో చదువుకున్నాం. ఇక్కడ పదిహేనేళ్ళ యుద్ధం సరిపోయింది.

మగ దూడలు ఏవి?

ఇక్కడిదాకా వింటే "పోనీలే, ఎలాగో బతికాయి కదా" అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. గొరొంగోసాలో దంతాలు లేని ఏనుగులన్నీ ఆడవే. దంతాలు లేని మగ ఏనుగు కనిపించలేదు. ఎందుకు?

ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై అని ఇంటర్‌లో బైపీసీ తీసుకోనివాళ్ళకి కూడా గుర్తుండే ఉంటుంది. దంతాలు రాకుండా చేసే మార్పు ఎక్స్ మీద ఉంది. ఆడ దూడకి ఒక ఎక్స్‌లో ఆ మార్పు ఉంటే దంతాలు రావు, కానీ రెండో ఎక్స్ బ్యాకప్‌గా ఉంది కాబట్టి ప్రాణానికి ఢోకా లేదు. మగ దూడకి ఉన్నది ఒక్కటే ఎక్స్. బ్యాకప్ లేదు. అది పుట్టకముందే పోతుంది.

శాస్త్రవేత్తలు వేలు పెట్టి చూపించిన జన్యువుల్లో ఒకటి పంటి ఎనామిల్ తయారీలో పనిచేసేది. మనుషుల్లో కూడా ఆ ప్రాంతం దెబ్బతింటే ఆడవాళ్ళకి పైన ముందుపళ్ళ పక్క పళ్ళు సరిగ్గా పెరగవు, మగపిల్లలు కడుపులోనే పోతారు. ఏనుగు దంతం సరిగ్గా ఆ పన్నే అని మొదట్లో చెప్పాను, చూశారా!

ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. దంతాలు లేని తల్లికి నాలుగు రకాల దూడలు పడొచ్చు. దంతాలు లేని ఆడది, దంతాలున్న ఆడది, దంతాలున్న మగది, పుట్టకుండానే పోయే మగది. అంటే పుట్టి బతికేవాటిలో మూడింట రెండొంతులు ఆడవే ఉండాలి. అడవిలో దంతాలు లేని తల్లుల దూడల్ని లెక్కపెడితే సరిగ్గా ఇంచుమించు అంతే వచ్చింది.

ఏనుగు చూలు 22 నెలలు. ఒక దూడకీ ఇంకో దూడకీ మధ్య నాలుగైదేళ్ళు. అలాంటి జంతువుకి నాలుగు చూళ్ళలో ఒకటి వృథా అయిపోతుంటే, పదింట ఒకటి మిగిలిన మంద మళ్ళీ నిండటానికి ఎంత కాలం పట్టాలి? ఫార్వర్డులో "తెలివి" అన్నది ఇదే. ప్రొడక్షన్ తగలబడుతుంటే రాత్రి రెండింటికి హడావుడిగా వేసిన ప్యాచ్ లాంటిది. మంట ఆరింది. కానీ ఆ ప్యాచ్ ఖరీదు తర్వాత ప్రతి రిలీజులోనూ కడుతూనే ఉండాలి.

ఒక జాగ్రత్త మాట. దంతాలు లేని ఏనుగులు కనిపించిన ప్రతిచోటా ఇదే కథ అనుకోకూడదు. దక్షిణాఫ్రికాలో అడ్డో అనే పార్కు ఉంది. 1931లో దాన్ని పెట్టినప్పుడు మిగిలినవి 11 ఏనుగులే. 2000ల మొదటికి అక్కడి ఆడ ఏనుగుల్లో దాదాపు 98 శాతానికి దంతాల్లేవు. పార్కు పెట్టాక అక్కడ వేట ఒత్తిడి పెద్దగా లేదు. మరి ఎందుకలా? మొదటి గుప్పెడులోనే దంతాలు లేని ఆడవి ఎక్కువ పడ్డాయి, వాటి సంతానమే నిండింది. అది చిన్న శాంపిల్ చేసే పని. గొరొంగోసాలో మాత్రం తుపాకి ఏరింది. ఫలితం ఒకేలా కనిపించినా కారణం వేరు. డీబగ్గింగ్ చేసేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

తర్వాత ఏమైంది?

ఇక్కడ మన రంగం మనిషి ఒకాయన వస్తాడు. గ్రెగ్ కార్ అని అమెరికన్. 1986లో బోస్టన్ టెక్నాలజీ అనే కంపెనీ పెట్టి టెలిఫోను సంస్థలకి వాయిస్ మెయిల్ అమ్మి బాగా గడించాడు. నలభై దాటకుండానే వ్యాపారం నుంచి బయటికొచ్చేశాడు. 2004లో గొరొంగోసా చూశాడు, అక్కడే పాతుకుపోయాడు. 2008లో మొజాంబిక్ ప్రభుత్వంతో కలిసి పార్కుని నడిపేలా 20 ఏళ్ళ ఒప్పందం, 2018లో దానికి పొడిగింపు.

డబ్బున్న విదేశీయుడొచ్చి ఆఫ్రికాని ఉద్ధరించాడు అనే కథలంటే నాకు కొంచెం చిరాకు. కాకపోతే ఇక్కడ ఒక మంచి పని చేశారు. చుట్టూ కంచె వేసి జనాన్ని తరమడం కాకుండా, పార్కు చుట్టుపక్కల ఊళ్ళల్లో బళ్ళు, ఆరోగ్యం, ఆడపిల్లలకి చదువు మీద కూడా ఖర్చు పెట్టారు. కొండ మీద అడవి నరికి పంటలేస్తుంటే, నరకొద్దని బోర్డు పెట్టి వదిలెయ్యకుండా చెట్ల నీడలో కాఫీ వేయించారు. కాఫీకి నీడ కావాలి కాబట్టి చెట్టు నిలుస్తుంది. గస్తీ తిరిగే రేంజర్లు చాలావరకు ఆ చుట్టుపక్కలవాళ్ళే. బతికున్న ఏనుగు మీద కూడా వెయ్యి వస్తుందని ఊరికి తెలిసేలా చెయ్యడం అన్నమాట. సామెతని మళ్ళీ నిజం చేసే ప్రయత్నం అది.

అడవి కోలుకుంటోంది, కానీ పాత అడవి తిరిగి రాలేదు. క్రూర మృగాలు పోయిన చోట వాటర్‌బక్ అనే జింక జాతి విపరీతంగా పెరిగింది, 2018 లెక్కలో 55 వేలు దాటింది! ఒకప్పుడు దున్నలు, జీబ్రాలు మేసిన బీడుని ఇప్పుడు అవి మేస్తున్నాయి. 2018లోనే దక్షిణాఫ్రికా నుంచి 14 అడవి కుక్కల్ని తెచ్చి వదిలారు. ఏనుగులు మళ్ళీ వందల్లోకి పెరిగాయి.

2019 మార్చిలో ఇడాయ్ తుఫాను బేయ్‌రా ఓడరేవుని ముంచేసింది. ఆ రోజుల్లో పార్కు సిబ్బంది జంతువుల్ని పక్కన పెట్టి చుట్టుపక్కల ఊళ్ళకి తిండి మోశారు. దివిసీమ, హుద్‌హుద్ చూసినవాళ్ళం, ఆ పని విలువ మనకి తెలుసు.

అదే ఏడాది ఆగస్టు 1న, మధ్యలో మళ్ళీ రాజుకున్న గొడవకి ముగింపుగా, ప్రభుత్వమూ రెనామో కలిసి కాల్పులు ఆపే ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఎక్కడో తెలుసా? చిటెంగోలో! 1981లో దాడి జరిగిన ఆ క్యాంపులోనే.

ఏనుగు మర్చిపోదు

ఒప్పందాల మీద సంతకాలు మనుషులు పెట్టారు. ఏనుగులు పెట్టలేదు. ఏనుగు అరవై ఏళ్ళ దాకా బతుకుతుంది. మందని నడిపేది పెద్ద వయసు ఆడ ఏనుగు. కరువొస్తే నీళ్ళెక్కడో, ఏ వాసనకి పారిపోవాలో దానికే తెలుసు, చిన్నవి దాన్ని చూసి నేర్చుకుంటాయి. (అవును, ఏనుగులు నేర్చుకుంటాయి. కానీ నేర్చుకునేది భయాన్ని, దంతాలు లేకుండా పుట్టడాన్ని కాదు.) యుద్ధం చూసిన ఆడ ఏనుగులు గొరొంగోసాలో చాలాకాలం జీపు కనిపిస్తే చాలు గుంపు కట్టి మీదికి వచ్చేవి. వాటి వెనక యుద్ధం చూడని పిల్లలు కూడా అలాగే వచ్చేవి. ఒక తరం గాయం దంతాల్లో ఒక దారిన, ప్రవర్తనలో ఇంకో దారిన కింది తరానికి చేరింది.

ఇందులో ఒకటి మెల్లగా మానుతోంది. కొత్తగా పుట్టినవాటిలో దంతాలు లేనివి 51 నుంచి 33 శాతానికి తగ్గాయంటే, తుపాకి మళ్ళీ రాకపోతే ఇంకా తగ్గుతాయనే అర్థం. అయితే ఏనుగు తరం అంటే పాతికేళ్ళు. పదిహేనేళ్ళలో చేసిన పని వెనక్కి తిప్పడానికి మన మనవల కాలం దాకా పడుతుంది. రోల్ బ్యాక్ బటన్ లేదు.

పోయిన ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. మొత్తం విని, "దంతాల్లేని ఏనుగులేట్రా, మరి వినాయకుడికి ఒకటైనా ఉంది కదా" అంది. నవ్వాను. కాసేపాగి, "అయితే మన భరిణె కూడా అలాంటిదేనేటి?" అని అడిగింది. ఎక్కడిదో తెలీదు గానీ, ఏదో ఒక ఏనుగుదే కదా అమ్మమ్మా అన్నాను. తర్వాత ఆవిడ దాని గురించి ఇంకేమీ అనలేదు. కూరేం వండుకున్నావు అని అడిగింది.

భరిణె ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. పారేస్తే ఏ ఏనుగూ తిరిగి రాదు, అమ్మడం చట్టరీత్యా నేరం. నేను చెయ్యగలిగిందల్లా ఆ కథ దానితోపాటు ఉండేలా చూడటం.

కాబట్టి, ఆ ఫార్వర్డు మీకు కూడా వస్తే (వస్తుంది, తప్పదు), నాలుగు దణ్ణాలు పెట్టే ముందు ఒక్క మాట తిరిగి రాయండి. ఏనుగులు తెలివి మీరలేదు. దంతాలున్నవాటిని మనం చంపేశాం, లేనివి మిగిలాయి. అంతే.